గర్వానికి చోటివ్వని స్తుతి: దేవునికి కృతజ్ఞత చెల్లించే అభ్యాసం

దేవాలయానికి ప్రార్థన చేయడానికి వెళ్లిన ఇద్దరు మనుష్యుల ఉపమానం లూకా సువార్త 18వ అధ్యాయంలో ఉంది. అందులో ఒకడైన పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదు వర్గానికి చెందినవాడు, దేవుణ్ణి ఏమీ అడగలేదు, ఏ పాపమూ ఒప్పుకోలేదు. అతని ప్రార్థన మొదటి నుంచి చివరి వరకు కృతజ్ఞతాస్తుతిగానే సాగింది. తాను దోచుకొనేవారివలె, అన్యాయస్థులవలె, దూరాన నిలుచున్న రెండవవాడైన సుంకరివలె (పన్నులు వసూలు చేసేవానివలె) లేనందుకు దేవునికి వందనాలు చెల్లించి, వారానికి 2 సార్లు ఉపవాసం ఉంటున్నానని, సంపాదన అంతటిలో పదవ వంతు ఇస్తున్నానని చెప్పుకొన్నాడు. అయినా నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లినవాడు, పాపినైన నన్ను కరుణించమని వేడుకొన్న సుంకరే. కృతజ్ఞత గలవారికి గర్వం రాదని మనం సులువుగా అనేస్తాం గాని, ఈ ఉపమానాన్ని నిదానంగా చదివినవారెవరూ ఆ మాట అంత సులువుగా అనలేరు. స్తోత్రం పెదవుల మీద ఉండగానే గర్వం లోపల పెరగగలదు.

అలాగని కృతజ్ఞతను వదులుకోవలసిన పని లేదు. దానిని సరిగా నేర్చుకోవాలి. మనం ఏమి పొందామో, ఎవరి చేతుల మీదుగా పొందామో, అందులో మన ప్రయత్నం చేరని భాగం ఎంతో వివరంగా చెప్పుకొనే స్తుతి గర్వాన్ని నిలవనివ్వదు. మనం ఎలాంటివారమో దేవునికి వినిపించే స్తుతి గర్వాన్ని పోషిస్తుంది. ఈ తేడాను రోజువారీ జీవితంలో ఎలా పాటించాలో, మన తెలుగు క్రైస్తవ కుటుంబాలకు అలవాటైన కూడికలను, కానుకలను, సాక్ష్యాలను దృష్టిలో పెట్టుకొని ఇక్కడ వివరిస్తాను.

మేలు పొందిన తరువాతి రోజులు

కష్టంలో ఉన్నప్పటికంటే కష్టం తీరిన తరువాత మనస్సును ఎక్కువగా కాచుకోవాలి. యూదా రాజైన హిజ్కియా చరిత్ర ఈ విషయంలో మనకు గొప్ప పాఠం. మరణకరమైన జబ్బుతో మంచం పట్టి, గోడ తట్టు ముఖం తిప్పుకొని కన్నీళ్లతో ప్రార్థించిన ఆ రాజుకు దేవుడు మరి 15 సంవత్సరాల ఆయుష్షు ఇచ్చాడు. దానికి సూచనగా ఎండ గడియారపు నీడ 10 మెట్లు వెనుకకు జరిగింది. స్వస్థత పొందిన తరువాత హిజ్కియా స్తుతి చెల్లించకుండా ఉండలేదు. అతడు రచించిన కృతజ్ఞతా గీతం యెషయా గ్రంథం 38వ అధ్యాయంలో నేటికీ చదువుకొంటున్నాం. ఆ వెనువెంటనే, 39వ అధ్యాయంలో, బబులోను రాజు పంపిన రాయబారులు వస్తారు. దేశంలో జరిగిన అద్భుతాన్ని గురించి విచారించడానికే వారు వచ్చారని దినవృత్తాంతముల రెండవ గ్రంథం చెబుతుంది. దేవుడు చేసిన కార్యాన్ని అడిగి తెలుసుకోవడానికి అంత దూరం నుంచి మనుషులు వస్తే, హిజ్కియా వారికి తన వెండి బంగారాలను, సుగంధ ద్రవ్యాలను, పరిమళ తైలాన్ని, ఆయుధశాలను చూపించాడు. తనకు జరిగిన మేలుకు తగినట్టుగా ప్రవర్తించక అతడు మనస్సున గర్వించాడని అదే గ్రంథం 32వ అధ్యాయం తీర్పు చెబుతుంది. పాట రాసినవాడే, స్తుతి చెల్లించినవాడే ఇలా పడిపోయాడంటే, ఒక్కసారి చెల్లించిన స్తుతి జీవితాంతం కాపలా కాయదని అర్థం.

అందుచేత ఉద్యోగం వచ్చినా, వీసా వచ్చినా, పరీక్షలో ర్యాంకు వచ్చినా, చాలాకాలం ఎదురుచూసిన బిడ్డ పుట్టినా, ఆ వార్త ఫోనులో మరెవరికైనా చెప్పే ముందు మోకరించండి. రెండు నిమిషాలు చాలు. వాట్సాప్ స్టేటస్ పెట్టిన తరువాత చేసే ప్రార్థనకు, పెట్టక ముందు చేసే ప్రార్థనకు చాలా తేడా ఉంటుంది. అభినందనలు వచ్చి పడిన తరువాత మనస్సు దేవుని వైపు తిరగడం కష్టం. ఆ తరువాత కనీసం ఒక నెలపాటు ప్రతి రోజూ అదే మేలును పేరు పెట్టి తలచుకోండి. మూడో రోజుకే ఆ మేలు పాతబడినట్టు, అది మనకు రావలసినదే అన్నట్టు అనిపించడం మొదలవుతుంది. అలా అనిపించడం మొదలైన రోజునే ఈ అభ్యాసం అసలు పని చేస్తుంది కాబట్టి అక్కడ ఆపకండి.

హిజ్కియా ఇంటికి వచ్చినట్టే మన ఇళ్లకూ చూడడానికి మనుషులు వస్తారు. కొత్త ఇల్లు కట్టుకొన్నవారు బంధువులను గది గదికీ తిప్పి టైల్స్ ఎక్కడివో, వంటగది అల్మరాలకు ఎంతయిందో చెప్పడం మామూలే, అందులో తప్పేమీ లేదు. అయితే వచ్చినవారు ఇంటి నుంచి వెళ్లేలోపు దేవుడు ఆ ఇంటి విషయంలో చేసిన ఒక్క మేలునైనా, ఉదాహరణకు లోను ఆగిపోయిన నెలలో పని ఎలా నడిచిందో, తప్పకుండా చెప్పాలని ముందుగానే నిర్ణయించుకోండి. ముందుగా నిర్ణయించుకోకపోతే ఆ సమయానికి నోటికి వచ్చేది ఖజానా వివరమే.

పుస్తకంలో రాయడం

పొందనిది నీకు ఏమున్నది, పొందిన తరువాత పొందనట్టు ఎందుకు అతిశయిస్తావు అని అపొస్తలుడైన పౌలు కొరింథీయులను మొదటి పత్రిక 4వ అధ్యాయంలో అడిగాడు. ఆ ప్రశ్నకు తలలో సమాధానం చెప్పుకొంటే చాలదు, కాగితం మీద చెప్పాలి. ఒక మామూలు నోటుపుస్తకం తీసుకొని, వారానికి ఒకసారి, ఆదివారం ఆరాధనకు ముందో, శనివారం రాత్రో, మీ జీవితంలోని ఒకే ఒక్క మేలును ఎంచుకోండి. పేజీని మూడు భాగాలు చేసి, ఏమి పొందాను, ఎవరి ద్వారా పొందాను, ఇందులో నేను చేయనిది ఏమిటి అని రాయండి.

ఇది ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూద్దాం. పల్లెటూరిలో పుట్టి, ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడిన ఒక వ్యక్తి తన ఉద్యోగం గురించి రాస్తున్నాడనుకోండి. మొదటి భాగంలో ఒక్క వాక్యం సరిపోతుంది. రెండవ భాగంలో తమ్ముడి చదువు కోసం తన చదువు మానుకొని మిరపకోతకు వెళ్లిన అక్క ఉంటుంది. లెక్కలు రానప్పుడు బడి అయిపోయిన తరువాత కూర్చోబెట్టి నేర్పిన మాష్టారు ఉంటారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ అందకపోతే ఆ చదువు ఆగిపోయేదే కాబట్టి అదీ ఉంటుంది. పరీక్ష ఫీజుకు డబ్బు సర్దిన స్నేహితుడు, ప్రతి ఉపవాస కూడికలోనూ అతని పేరు ఎత్తి ప్రార్థించిన సంఘంలోని ముసలమ్మ ఉంటారు. మూడవ భాగం రాయడానికి ఎక్కువ సమయం పడుతుంది: చదివింది గుర్తుండే జ్ఞాపకశక్తి, రాత్రులు మేలుకొని చదవగలిగిన ఆరోగ్యం, తన రంగంలో ఉద్యోగాలు దొరుకుతున్న కాలంలోనే చదువు పూర్తికావడం, ఇంటర్వ్యూ చేసిన వ్యక్తి ఆ రోజు మంచి మనస్సుతో ఉండడం. ఇలా రాయగా రాయగా "నా కష్టం" అన్న మాట చెరిగిపోదు గాని, దానికి తగిన చోటు దానికి దొరుకుతుంది.

నిజంగానే ఎంతో కష్టపడినవారికి ఈ దగ్గర ఒక అభ్యంతరం వస్తుంది. కష్టపడలేదని ఒప్పుకోమంటున్నారా అని వారు అడుగుతారు. ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయం అలా అనదు. మంచి ఇళ్లు కట్టించుకొని, పశువులు విస్తరించి, వెండి బంగారాలు పెరిగిన రోజున, నా సామర్థ్యమూ నా బాహుబలమూ ఈ భాగ్యాన్ని తెచ్చాయని అనుకొంటావేమో జాగ్రత్త అని మోషే ఇశ్రాయేలీయులను హెచ్చరించాడు; భాగ్యం సంపాదించుకొనే సామర్థ్యాన్ని ఇచ్చినవాడు దేవుడే అని వెంటనే చెప్పాడు. సామర్థ్యం ఉందన్న సంగతిని అతడు కాదనలేదు, అది ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తు చేశాడు.

రెండవ భాగాన్ని ఎవరూ దాటవేయకూడదని నేను గట్టిగా చెబుతాను. "దేవుడు తప్ప నాకు ఎవరూ సహాయం చేయలేదు" అన్న సాక్ష్యం మన కూడికల్లో తరచుగా వినబడుతుంది. వినడానికి భక్తిగా ఉన్నా, ఆ మాట అనేటప్పుడు అక్కో, మాష్టారో అక్కడే కూర్చుని వింటూ ఉంటారు. మనుషులకు బాకీ పడటం ఇష్టంలేని మనస్సు దేవుని పేరు అడ్డం పెట్టుకొని ఆ బాకీని కొట్టివేస్తుంది. అది గర్వంలో మరీ కనిపెట్టలేని రకం. అందుకే పుస్తకంలో రాసిన పేర్లలో ఒకరికి ప్రతి నెలా ఫోను చేసి, వారు చేసిన మేలును వారికి గుర్తుచేసి, కృతజ్ఞత చెప్పండి. వీలైతే స్వయంగా వెళ్లి కలవండి. చనిపోయినవారైతే వారి పిల్లలకు చెప్పండి.

ఎక్కడి నుంచి వచ్చామో చెప్పుకోవడం

ఇశ్రాయేలీయుడు ప్రథమ ఫలాలను గంపలో పెట్టుకొని యాజకుని దగ్గరకు వెళ్లినప్పుడు, తన పంట ఎంత బాగా పండిందో చెప్పాలని ధర్మశాస్త్రం అతనికి నేర్పలేదు. తన పితరుడు దిక్కులేని అరామీయుడని, కొద్దిమందితో ఐగుప్తుకు వెళ్లి పరదేశిగా బతికాడని, అక్కడ దాస్యంలో మొరపెట్టగా దేవుడు విని బయటకు తెచ్చాడని చెప్పి, ఆ తరువాతే గంపను దేవుని సన్నిధిలో పెట్టాలి. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయంలోని ఈ క్రమాన్ని మన కుటుంబ ప్రార్థనలోకి తెచ్చుకోవడం ఎంతో మేలు.

మన సంఘాల్లో చాలామందికి చెప్పుకోవడానికి ఇలాంటి చరిత్రే ఉంది. 1876 నుంచి 1878 వరకు దక్షిణ భారతదేశాన్ని పీడించిన కరువులో ఒంగోలు ప్రాంతపు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలితో ఉన్నవారికి పని కల్పించాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపివేశాడు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు అప్పటి సమాజం అంటరానివారిగా వెలివేసిన కుటుంబాలవారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడిన మెదక్ కెథడ్రల్ కూడా, చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో జనానికి కూలి, తిండి దొరకాలని చేపట్టిన నిర్మాణమే. ఇలాంటి తాతముత్తాతల సంతానం ఇవాళ చదువుల్లో, ఉద్యోగాల్లో, విదేశాల్లో ఉన్నారు. మూడు తరాల క్రితం ఇంట్లో చెప్పుల్లేని కాళ్లు, పూరిపాక, వెట్టిచాకిరీ ఉండేవని పిల్లలకు చెప్పడానికి సిగ్గుపడేవారిని చూస్తుంటాను. సిగ్గుపడవలసిన అన్యాయం ఆ తాతలది కాదు, వారిని అలా ఉంచినవారిది. ఏడాదికి ఒకసారి, కోత పండుగ రోజునో, క్రిస్మస్ ముందు రాత్రో, ఇంట్లో పెద్దవారి చేత ఈ చరిత్ర చెప్పించి, ఆ తరువాత స్తుతి ప్రార్థన చేయండి. తాము ఎవరి భుజాల మీద నిలబడి ఉన్నామో తెలిసిన పిల్లలు తమకంటే వెనుక ఉన్నవారిని చిన్నచూపు చూడరు.

ప్రార్థనలోని మాటలను సరిచూసుకోవడం

పరిసయ్యుని ప్రార్థన పాడైపోయింది ఒక్క పోలికతో. కాబట్టి మీ స్తుతిలో మరొక మనిషి మీకంటే తక్కువవాడుగా కనిపిస్తున్నాడేమో చూసుకోండి. "ఆసుపత్రిలో ఎంతమందో చనిపోయారు, నన్ను మాత్రం బతికించావు" అని ప్రార్థించేవారి ఉద్దేశం మంచిదే అయినా, చనిపోయినవారి కుటుంబం పక్కన ఉంటే ఆ మాట అనగలమా అని ఒక్కసారి ఆలోచించాలి. "నాకు ఊపిరి ఇచ్చావు, రాత్రంతా మేలుకొని చూసిన నర్సును ఇచ్చావు, నా పక్క మంచం మీద చనిపోయినతని పిల్లలను ఆదుకో" అని ప్రార్థిస్తే అదే మేలుకు అదే స్తుతి, పోలిక లేకుండా చెల్లుతుంది. "మా పిల్లలు లోకంలో పిల్లల్లా చెడిపోలేదు" అన్న స్తుతికీ ఇదే వైద్యం. పిల్లల్లో మీరు చూసిన ఒక మంచి పనిని చెప్పి స్తుతించండి, లోకంలోని పిల్లల సంగతిని విజ్ఞాపనలోకి మార్చండి.

కుటుంబ ప్రార్థనలో చిన్నపిల్లలతో సహా ప్రతి ఒక్కరూ ఆ రోజు పొందిన ఒక్క మేలు చెప్పాలన్న నియమం పెట్టుకోండి. నిన్న చెప్పింది ఇవాళ చెప్పకూడదు. 136వ కీర్తనను ఇందుకు వాడుకోవచ్చు. అందులోని 26 వచనాల్లోనూ దేవుని కృప నిరంతరం ఉంటుందన్న పల్లవి వస్తుంది కాబట్టి, ఒకరు మేలు చెబితే మిగిలినవారు ఆ పల్లవి పలకడం పిల్లలకు తేలికగా అలవాటవుతుంది.

ఎవరైనా మెచ్చుకొన్నప్పుడు

పాటలు పాడేవారికి, వాక్యం చెప్పేవారికి, సంఘంలో బాధ్యతలున్నవారికి ఇది ప్రత్యేకమైన శోధన. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో హేరోదు రాజు ఉపన్యాసం విని జనం అది మనిషి స్వరం కాదు, దేవుని స్వరం అని కేకలు వేసినప్పుడు, అతడు ఆ మహిమను దేవునికి ఇవ్వక తానే ఉంచుకొన్నాడు. మెచ్చుకోలును నిరాకరించడం కూడా దీనికి విరుగుడు కాదు. "అయ్యో, నాదేముందండీ, నేను ఏమీ బాగా పాడలేదు" అని పదే పదే అంటే ఎదుటివారు మరో నాలుగు మాటలు మెచ్చుకోవలసి వస్తుంది. "వందనాలండీ, దేవునికి స్తోత్రం" అని ఒక్కసారి చెప్పి, వారి యోగక్షేమాల మీదికి మాట మళ్లించండి. ఇంటికి వెళ్లాక ఆ మెచ్చుకోలును మాటలతో సహా దేవునికి చెప్పి, అది ఆయనదని అప్పగించండి. నేర్పినవారిని, తబలా వాయించినవారిని, మైకు సరిచేసినవారిని అదే ప్రార్థనలో తలచుకోండి.

కానుక

పల్లె సంఘాల్లో అన్నం వండే ప్రతిసారీ ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం దేవునికని తీసి వేరే కుండలో వేసే అలవాటు ఉండేది. మిజోరం సంఘాల్లో నేటికీ ఇది బలంగా కొనసాగుతోంది. ఈ పద్ధతిలోని బలం ఏమిటంటే, అది చూసేవారు లేని వంటగదిలో, రోజూ జరుగుతుంది. కోత పండుగలో గుమ్మడికాయలు, వడ్లు, కోళ్లు, అరటిగెలలు బలిపీఠం ముందు పేర్చడం కన్నుల పండువే గాని, తరువాత జరిగే వేలంపాటలో ఎవరు ఎంత పెంచారన్నదే ముచ్చటగా మిగిలిపోతే ఆ పండుగ ఉద్దేశమే దెబ్బతింటుంది. కాబట్టి పదిమందిలో ఇచ్చే కానుకతో పాటు, భార్యాభర్తలకు తప్ప ఎవరికీ తెలియని ఒక కానుక ప్రతి నెలా ఉండాలని నియమం పెట్టుకోండి. ఫ్యాను రెక్కల మీద, గోడ రాతి మీద పేరు రాయిస్తామని సంఘ పెద్దలు అడిగితే, వద్దని మర్యాదగా చెప్పండి.

నష్టం వచ్చినప్పుడు

దుఃఖంలో ఉన్నవారిని స్తోత్రం చెల్లించమని బలవంతపెట్టకండి, మిమ్మల్ని మీరూ బలవంతపెట్టుకోకండి. కీర్తనల్లో మొరలు కూడా ప్రార్థనలే. ఒక్క విషయం మాత్రం గమనించాలి: ఇంత ప్రార్థించాను, ఇంత ఇచ్చాను, నాకే ఎందుకు ఇలా జరగాలి అన్న ప్రశ్న పదే పదే వస్తుంటే, మనం చేసినవన్నీ దేవుని మీద అప్పుగా రాసి పెట్టుకొన్నామని తెలుస్తుంది. అప్పుడు పాత నోటుపుస్తకాన్ని తెరిచి, ఏమీ రాయకుండా, చదివితే చాలు.

కృతజ్ఞత కూడిక పెట్టేటప్పుడు

పుట్టినరోజుకో, గృహప్రవేశానికో, స్వస్థతకో కృతజ్ఞత కూడిక పెట్టడం మన కుటుంబాలకు బాగా అలవాటు. దానిని నిర్ణయించేటప్పుడు ముందుగా పుస్తకంలోని రెండవ భాగాన్ని చూసి ఆహ్వానాల జాబితా రాయండి. సహాయం చేసినవారు, వారు ఎంత పేదవారైనా, ముందు వరుసలో కూర్చోవాలి. ఇంటివారి ఫొటోలతో పెద్ద ఫ్లెక్సీ కట్టవలసిన అవసరం లేదు. ఒక వాక్యం రాసిన కాగితం చాలు. సాక్ష్యం చెప్పేవారు ముందుగా రాసుకొని, అందులో "నేను" అన్న మాటలు, ఇతరుల పేర్లు ఎన్నెన్ని ఉన్నాయో చూసుకొని, ఐదు నిమిషాలకు మించకుండా చెప్పాలి. ప్రథమ ఫలాలు తెచ్చినవాడు ఆలయ సేవ చేసే లేవీయునితోనూ పరదేశితోనూ కలిసి సంతోషించాలని ధర్మశాస్త్రం చెప్పింది కాబట్టి, ఇల్లు కట్టిన తాపీమేస్త్రీని, కూలీలను, వీధి ఊడ్చే అమ్మను కుటుంబాలతో సహా పిలవండి. వడ్డన మొదలైనప్పుడు మొదటి పంక్తిలో వారిని కూర్చోబెట్టి, ఇంటి యజమానీ ఆయన పిల్లలూ స్వయంగా వడ్డించాలి.